ట్యూషన్‌కి ముందు: బండి నూడుల్సా, ఇంటి పెసరట్టా?

సాయంత్రం స్కూలుకీ ట్యూషన్‌కీ మధ్య ఏం తినాలన్నది, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలున్న ఇళ్లలో రోజూ వచ్చే గొడవే.

ఖర్చు: నూడుల్స్, పైన ఒక కూల్‌డ్రింక్ రోజూ అంటే నెల తిరిగేసరికి వేలల్లోకి పోతుంది. పెసరట్టుకి అందులో సగం కూడా కాదు.

శ్రమ: ఇందులో బండిదే పైచేయి. కానీ పెసలు రాత్రి నానబెట్టి, పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేస్తే, ఆ వయసు పిల్లలు పెనం మీద తామే పోసుకోగలరు, నేర్పాలి కూడా.

బరువు: అసలు తేడా ఇక్కడే. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైగా చక్కెర, అంటే ఏడెనిమిది చెంచాలు, అయినా కడుపు నిండదు కాబట్టి రాత్రి అన్నం ఎప్పటిలాగే తింటారు. నూడుల్స్‌లో మైదా, నూనె, సాసుల ఉప్పు ఎక్కువ. పెసల్లో ప్రొటీన్, పీచు ఉంటాయి, ట్యూషన్ అయ్యేదాకా ఆకలి ఆగుతుంది.

రిస్క్: ఇల్లయినా టీవీ ముందు మిక్చర్ డబ్బా పెట్టుకు కూర్చుంటే లాభం లేదు. "లావైపోతున్నావు" అని నలుగురిలో అంటే దాచుకుని తినడం మొదలవుతుంది, నాకు దీనికే ఎక్కువ భయం.

వారానికోసారి స్నేహితులతో అయితే బండికే వెళ్లనివ్వండి, కూల్‌డ్రింక్ ఒక్కటి మానేస్తే చాలు. రోజూ ట్యూషన్ ఉంటే పెసరట్టే. బరువు ఇప్పటికే పెరిగిందనిపిస్తే పెద్దవాళ్ల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) చూడకండి, వయసును బట్టి చూసే ఐఏపీ (భారత పిల్లల వైద్యుల సంఘం) 2015 చార్టులు పిల్లల డాక్టరు దగ్గర ఉంటాయి. తిండి మార్చాల్సి వస్తే ఇంటిల్లిపాదికీ మార్చండి, ఆ ఒక్క బిడ్డకే కాదు.