ఇంట్లో ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ ఉంటే ఈ ట్రాకర్ కొనాలా? ఏడాది వాడాక నా మాట

పెట్టె మీద "ఐఫోన్‌కూ ఆండ్రాయిడ్‌కూ పనిచేస్తుంది" అని చూసి, తాళాలకో సంచికో తగిలిస్తే అవి ఎక్కడున్నాయో ఫోన్‌లో చూపే ఈ చిన్న ట్రాకర్‌ను కొన్నాం. మా ఆయనది ఐఫోన్. నాదీ, మా బాపుదీ ఆండ్రాయిడ్. తీరా జత చేయబోతే, పోయిన వస్తువుల జాడ చూపే ఆపిల్ ఫైండ్ మై, గూగుల్ ఫైండ్ హబ్‌లలో ఏదో ఒకటే ఎంచుకోమంది. ఒకదాంట్లో పెడితే రెండోదాంట్లో కనిపించదు, మార్చాలంటే రీసెట్ చేయాలి. ఈ ముక్క పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేయాలి కదా! ఏడాది దాటినా నాకు ఆ కోపం పోలేదు.

మా ఆయన ఫోన్‌లో పెట్టి స్కూటీ తాళాలకు తగిలించాం. ఫైండ్ మైలో వస్తువును ఇంకో ఐదుగురితో పంచుకోవచ్చు గానీ వాళ్లకూ ఆపిల్ ఫోనే ఉండాలి. దాంతో నేను స్కూటీ మీద హన్మకొండ చౌరస్తా దాకా పోయొస్తే చాలు, తెలియని ట్రాకర్ మీ వెంట వస్తోందని నా ఫోన్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక ఉండాల్సిందే. ఎవరైనా ఆడపిల్ల బ్యాగులో చాటుగా ట్రాకర్ వేస్తే తెలియాలి. అందులోంచే ట్రాకర్‌ను మోగించొచ్చు కూడా. కానీ సొంత ఇంటి తాళాలకే రోజూ ఈ గోలేంటి? చివరికి దాన్ని తీసి బాపు సంచిలో వేశాను.

అక్కడే అది నన్ను ఆశ్చర్యపరిచింది. బాపు కరీంనగర్ నుంచి ఖమ్మం బస్సెక్కి హన్మకొండలో దిగాడు. "సంచేదే బాపూ?" అంటే, "బస్సులనే ఉండిపోయింది బిడ్డా" అన్నాడు. అందులో పట్టాదారు పాసుబుక్కు, షుగర్ మందులు ఉన్నాయి. మా ఆయనేమో హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఒక లింకు పంపాడు. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18.2 నుంచి పోయిన వస్తువు ఎక్కడుందో ఇలా లింకుగా పంపొచ్చట. అది నా ఆండ్రాయిడ్‌లో మామూలు బ్రౌజర్‌లోనే తెరుచుకుంది! మ్యాపులో చుక్క వర్ధన్నపేట దగ్గరుంది. తర్వాత చాలాసేపు కదల్లేదు. బాపు ముఖం చూడలేకపోయాను. తొర్రూరులో మళ్లీ కనిపించాక ప్రాణం లేచొచ్చింది. బస్టాండులో కంట్రోలర్‌కు చూపిస్తే ఆయన ఖమ్మానికి ఫోన్ చేసి సంచి దింపించి పెట్టించాడు. తెల్లారి పోయి తెచ్చుకున్నాం.

అట్లా అని ఆ లింకును నమ్ముకుని నిశ్చింతగా ఉండలేం. వారం దాటితే, లేదా వస్తువు యజమాని చేతికి చేరితే దానంతటదే ఆగిపోతుంది. ప్రతిసారీ ఐఫోన్ ఉన్నవాళ్లే పంపాలి. ఆరోజు మా ఆయన ఫోన్ ఎత్తకపోతే నేను చేయగలిగిందేమీ లేదు. పైగా ట్రాకర్‌కు సొంత జీపీఎస్ లేదు, పక్కన పోయే ఐఫోన్లే దాని జాడ చెప్పాలి. మన జిల్లా బస్సుల్లో ఐఫోన్లు ఎన్నుంటాయి?

మరి గూగుల్ వైపు పెడితే నయమా? ఆండ్రాయిడ్ ఫోన్లు మన దగ్గర ఎక్కువే. కానీ వాటిలో ముందే ఉండే సెట్టింగు జనం రద్దీ ఉన్నచోట్లకే, అంటే చాలా ఫోన్లు ఒకేచోట పసిగడితేనే జాడ చెబుతుంది. ఎనుమాముల మార్కెట్లో అయితే సరే, పొలం గట్టున పడిపోతే కష్టం. ఆ సెట్టింగును అన్ని ప్రాంతాలకు మార్చుకోవచ్చు, నా ఫోన్లో, బాపు ఫోన్లో మార్చేశాను. ఊళ్లో అందరి ఫోన్లూ మార్చలేను కదా.

ఇంట్లో అందరివీ ఒకే రకం ఫోన్లయితే ధైర్యంగా కొనండి. మా లాంటి ఇల్లయితే, ఆ వస్తువును రోజూ ఎవరు పట్టుకుపోతారో వాళ్ల ఫోన్‌కే జత చేయండి. బాపు సంచిలోది మాత్రం మా ఆయన ఫోన్లోనే ఉంచాను, ఆ లింకు కోసం. స్కూటీకి ఇంకోటి కొని నా ఆండ్రాయిడ్‌కు పెట్టుకున్నాను. ఇప్పుడు మా ఆయన బండి తీస్తే ఆయన ఐఫోన్‌కు హెచ్చరిక వస్తోంది.