కట్టెల స్టవ్‌తో ఇల్లు వెచ్చబెట్టడం: క్యాటలిటిక్, నాన్-క్యాటలిటిక్, పెల్లెట్, ఇటుక పొయ్యి... ఏది మేలు?

కట్టెల స్టవ్ కొనాలనుకునేవాళ్లు రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతుంటారు. తక్కువ కట్టెలతో ఎక్కువ వేడి దేనివల్ల వస్తుంది? పొగ దేనిలో తక్కువ? నా దృష్టిలో ఇవి రెండూ ఒకటే ప్రశ్న. ఎండు కట్టెను వేడిచేస్తే దాని బరువులో 70, 80 శాతం దాకా వాయువులుగా మారి పైకి లేస్తుంది. మనం చూసే మంట కాలుతున్న ఆ వాయువులదే. కట్టెలోని శక్తిలో సగానికి పైగా వాటిలోనే ఉంటుంది. అవి పూర్తిగా కాలాలంటే సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి, చాలినంత గాలి, కాలడానికి కాస్త వ్యవధి కావాలి. మూడింట్లో ఏది తగ్గినా కాలకుండా మిగిలింది పొగై గొట్టంలోంచి పోతుంది. మనం చీల్చి, ఆరబెట్టి, మోసుకొచ్చిన కట్టెలో ఇంటికి దక్కకుండా పోయిన వాటా అది. అందుకే ఏ స్టవ్‌నైనా నేను చూసేది రెండే: పొగను ఎంతవరకు కాలుస్తుంది, అలా కాల్చడానికి మన దగ్గర ఎంత ఓపిక అడుగుతుంది.

ఈ లెక్కన గోడలో తెరిచి ఉండే ఫైర్‌ప్లేస్ పోటీలోకే రాదు. చూడ్డానికి బాగుంటుంది, ఎదురుగా కూర్చుంటే ఒంటికి సెగ తగులుతుంది. కానీ గదిలో అప్పటికే వెచ్చబడ్డ గాలిని కూడా తనతో పాటు పైకి లాగేస్తుంది. కట్టెలోని వేడిలో 15 శాతం గదికి మిగిలితే గొప్ప. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇనుప పొయ్యిని తయారుచేసిందీ, ఆ శతాబ్దం చివర్లో శాస్త్రవేత్త కౌంట్ రంఫర్డ్ ఫైర్‌ప్లేస్ లోతు తగ్గించి పొగ పోయే దారిని ఇరుకు చేసిందీ ఈ నష్టాన్ని చూసే.

రెండోది పాత ఎయిర్‌టైట్ ఇనుప స్టవ్. 1970ల చమురు సంక్షోభం తర్వాత ఇవి చాలా ఇళ్లలోకి వచ్చాయి. రాత్రి పడుకోబోయే ముందు నిండా కట్టెలు కుక్కి గాలి బిగించేస్తే తెల్లవారేదాకా నిప్పు ఉంటుంది, అదే వాటి గొప్ప. అయితే ఆ రాత్రంతా లోపల మంట ఉండదు, పొగే ఉంటుంది. ఆ పొగ చల్లటి గొట్టంలో గడ్డకట్టి జిగట తారులా పేరుకుంటుంది. దాన్నే క్రియోసోట్ అంటారు. ఒకరోజు గట్టిగా మంట వేసినప్పుడు అది అంటుకుందంటే గొట్టం లోపల వేడి 1000 డిగ్రీలు దాటొచ్చు, ఇల్లే ప్రమాదంలో పడుతుంది. ఇలాంటి స్టవ్‌ల పొగ చూసే అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 1986లో కొత్త స్టవ్‌లకు హద్దులు పెట్టింది. 1988లో ఆ దేశ పర్యావరణ సంస్థ ఈపీఏ దేశమంతటికీ పెట్టింది. అప్పట్లో నాన్-క్యాటలిటిక్ స్టవ్‌కు (ఈ రకం గురించి కింద చెప్తాను) గంటకు 7.5 గ్రాముల నుసి, అంటే పొగలోని సన్నటి రేణువులు, దాకా ఒప్పుకున్నారు. 2020 మే నుంచి ఆ హద్దు 2 గ్రాములు, మామూలు చీల్చిన కట్టెలతో పరీక్షిస్తే 2.5. యూరోపియన్ యూనియన్‌లో స్టవ్‌ల పొగకి హద్దులు పెట్టే ఎకోడిజైన్ నిబంధనలు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. కాబట్టి "పాతకాలపు ఇనుము, గట్టిది" అని ఎవరైనా సెకండ్‌హ్యాండ్ స్టవ్ చూపిస్తే, ముందు దాని వెనకున్న పరీక్ష పలక మీద ఏముందో చదవండి. పలకే లేకపోతే వదిలేయండి.

అసలు పోటీ: గొట్టాల స్టవ్, క్యాటలిస్ట్ స్టవ్

గొట్టాల స్టవ్‌లో, అంటే నాన్-క్యాటలిటిక్‌లో, కిటుకంతా పైభాగంలో ఉంటుంది. చుట్టూ వేడిని పట్టి ఉంచే ఫైర్‌బ్రిక్స్, పైన పొగ నేరుగా చిమ్నీలోకి పోకుండా అడ్డుపడే పలక, దాని కింద చిల్లులున్న స్టీలు గొట్టాలు. ఆ చిల్లుల్లోంచి బాగా కాగిన గాలి వస్తుంది, పైకి లేచిన పొగ దాన్ని తాకగానే అంటుకుంటుంది. స్టవ్ వేడెక్కాక గాలి లివర్‌ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ అద్దంలోంచి చూడండి. కట్టె మీద మంట నెమ్మదిస్తుంది. పైన చిల్లుల దగ్గర మాత్రం గ్యాస్ బర్నర్ వెలిగినట్టు వరసగా మంటలు పుట్టి, కట్టెతో సంబంధం లేనట్టు గాల్లోనే ఆడుతుంటాయి. అక్కడ కాలుతున్నది పొగే. లివర్‌ని తొందరపడి మూసేస్తే ఆ మంటలు ఒక్కొక్కటే ఆరిపోతాయి, కాసేపటికి అద్దం నల్లబడుతుంది. ఇంతకంటే తేలిగ్గా తప్పు చూపించే స్టవ్ ఇంకోటి లేదు.

క్యాటలిటిక్ స్టవ్ దారి వేరు. పొగ పోయే దారిలో సన్నటి గదులు గదులుగా రంధ్రాలున్న దిమ్మ ఒకటి ఉంటుంది. దానికి పల్లాడియం, ప్లాటినం లాంటి లోహాల పూత వేస్తారు. ఆ పూత వల్ల పొగ 600 డిగ్రీలకు బదులు సుమారు 260 డిగ్రీలకే కాలడం మొదలవుతుంది. దీని లాభం పెద్దది. మంటను బాగా తగ్గించి, నెమ్మదిగా, గంటల తరబడి కాల్చినా పొగ శుభ్రంగా కాలుతుంది. పెద్ద స్టవ్ అయితే ఒకసారి నింపితే 12 గంటలు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ కూడా నడుస్తుంది. నాన్-క్యాటలిటిక్‌లో ఆరు నుంచి ఎనిమిది గంటలు వస్తే బాగా వచ్చినట్టు. సామర్థ్యం కూడా క్యాటలిటిక్‌లో కాస్త ఎక్కువే. గొట్టాల స్టవ్‌లు సాధారణంగా 70 శాతం పైచిలుకు దగ్గర ఉంటే, మంచి క్యాటలిటిక్‌లు 80 దాకా వెళ్తాయి.

మరి అందరూ అదే కొనొచ్చు కదా? కొనొచ్చు, దాని క్రమశిక్షణకు సిద్ధపడితే. వెలిగించేటప్పుడు పొగ దిమ్మలోకి వెళ్లకుండా పక్కదారి, అంటే బైపాస్, తెరిచి ఉంచాలి. థర్మామీటర్ ముల్లు వేడి చాలిందని చూపించాకే మూయాలి. మర్చిపోతే పొగంతా కాలకుండానే బయటికి పోతుంది, మీకు ఖరీదైన పాత స్టవ్ ఉన్నట్టే లెక్క. కట్టెలు వేయడానికి తలుపు తీసేముందు మళ్లీ బైపాస్ తెరవాలి, లేదంటే పొగ గదిలోకి తన్నుకొస్తుంది. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్, అచ్చుకాగితాలు లాంటివి వేస్తే పూత పాడవుతుంది. ఇవి ఏ స్టవ్‌లోనూ వేయకూడదు, ఇందులో మాత్రం తప్పుకి శిక్ష త్వరగా పడుతుంది. సముద్రం ఒడ్డున కొట్టుకొచ్చిన ఉప్పుకట్టెలూ అంతే, పైగా వాటిని కాలిస్తే డయాక్సిన్ల లాంటి విషాలు పుడతాయి. పచ్చికట్టె తడి ఆవిరి వేడి దిమ్మకి ఒక్కసారిగా తగిలితే అది బీటలు వారొచ్చు. అన్నీ సరిగ్గా చేసినా దిమ్మ శాశ్వతం కాదు. దాని ఆయుష్షు సుమారు 10 వేల గంటలు. పగలూ రాత్రీ వాడే ఇళ్లలో కొన్ని చలికాలాలకే మార్చాల్సి వస్తుంది.

నేను వీటిని విడదీసేది ఇలా. సాయంత్రం ఇంటికొచ్చి వెలిగించి, పడుకునేదాకా వాడుకునేవాళ్లకి, లేదా ఇంట్లో నలుగురూ తలా ఒకసారి కట్టె వేసే ఇంటికి నాన్-క్యాటలిటిక్ మేలు. ఒక్క లివర్ తప్ప గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. చలి నెలల తరబడి ఉండి, స్టవ్ మీదే ఇల్లు ఆధారపడి, దాన్ని ఒకే మనిషి శ్రద్ధగా చూసుకునే చోట క్యాటలిటిక్‌కి సాటి లేదు. చలి మరీ లేని రోజుల్లో కూడా సన్నగా కాల్చుకోవచ్చు, గది ఉడికిపోదు. రెండు పద్ధతులూ కలిపిన హైబ్రిడ్ స్టవ్‌లూ ఉన్నాయి. పరీక్షల్లో అంకెలు బాగుంటాయి, కానీ రెండిటి విడిభాగాలూ చూసుకోవాలి.

ఇంకో మాట. పరీక్ష పలక మీది అంకెలు ల్యాబ్‌లో, కొలిచి ఆరబెట్టిన కట్టెతో, పని తెలిసినవాళ్లు వెలిగించగా వచ్చినవి. రెండు మంచి స్టవ్‌ల మధ్య అర గ్రాము తేడా చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఆ తేడాని ఒక్క తడి కట్టె మింగేస్తుంది.

స్టవ్ కంటే కట్టె ముఖ్యం

అప్పుడే కొట్టిన కట్టెలో సగం బరువు దాకా నీళ్లే ఉండొచ్చు. నీళ్లు ఆవిరవడానికి వేడి ఖర్చవుతుందని అందరికీ తెలుసు. కిలో నీటికి సుమారు 2.6 మెగాజౌళ్లు పోతాయి. పూర్తిగా ఎండిన కట్టె కిలోకి ఇచ్చేది 18, 19 మెగాజౌళ్లు. సగం నీళ్లున్న కట్టెలో ఆవిరికి పోయేది ఉన్న వేడిలో ఏడో వంతు అన్నమాట. అంతేనా అనిపించొచ్చు. అసలు దెబ్బ వేరే ఉంది. ఆ ఆవిరి పొయ్యి లోపలి వేడిని 600 డిగ్రీలకు చేరనివ్వదు, దాంతో వాయువులు కాలవు. ఒక వంతు నీటికి పోతే, అంతకు మించి పొగలో పోతుంది. అది గొట్టానికి మసిగా అంటుకుంటుంది, మిగిలింది ఇరుగుపొరుగు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెలకు తేమ 20 శాతం దాటకూడదని నిబంధన పెట్టింది ఇందుకే.

తేమ మీటర్ చిన్న పరికరం, స్టవ్ కొన్నవాళ్లందరి దగ్గరా ఉండాలి. కానీ కొలిచే తీరు తెలియాలి. కట్టె పైన పిన్నులు గుచ్చితే 14 చూపిస్తుంది, చూసి సంతోషిస్తాం. అదే కట్టెను గొడ్డలితో నిలువునా చీల్చి, కొత్తగా బయటపడ్డ లోపలి ముఖం మీద, నార పోయే దిశలోనే పిన్నులు గుచ్చి చూస్తే 27 రావొచ్చు. ఆ రెండో అంకే నిజం. మీటర్ లేనప్పుడు రెండు పేళ్లని ఒకదానికొకటి కొట్టి వినండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి.

ఎండటానికి ముందుగా చీల్చడమే సగం పని. దుంగగా ఉంచితే బెరడు నీటిని లోపలే పట్టుకుంటుంది. చీల్చి, నేలకి తగలకుండా ఎత్తు మీద పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదిలేయాలి. టార్పాలిన్‌తో చుట్టూ మూటకడితే లోపల బూజు పడుతుంది. పైన్ లాంటి మెత్తకట్టెకి ఒక వేసవి చాలు, ఓక్ లాంటి గట్టికట్టెకి రెండేళ్లు పడుతుంది. మెత్తకట్టె వాడితే చిమ్నీ పాడవుతుందన్న భయం చాలామందిలో ఉంది, అది సరికాదు. బాగా ఎండితే కిలోకి కిలో రెండూ ఇంచుమించు ఒకే వేడి ఇస్తాయి. గట్టికట్టె బరువెక్కువ కాబట్టి స్టవ్‌లో ఒక నింపుకి ఎక్కువసేపు వస్తుంది, తేడా అంతే. చిమ్నీని పాడుచేసేది తేమ, బిగించిన గాలి.

కట్టె తర్వాత స్టవ్ సైజు. "ఎందుకైనా మంచిది" అని పెద్దది కొనేస్తారు. గంటలో గది కొలిమిలా అవుతుంది, గాలి బిగించేస్తారు, ఎంత కొత్త స్టవ్ అయినా అక్కడి నుంచి పాత ఎయిర్‌టైట్ బతుకే. ఇంటికి సరిపోయే దానికంటే కాస్త చిన్న స్టవ్‌ని ధాటిగా మండించుకోవడమే నయం. గాలి దూరే సందులు ముందు మూయించుకుంటే ఆ చిన్న స్టవ్ కూడా చాలొచ్చు.

పెల్లెట్, ఇటుక పొయ్యి

రంపపు పొట్టును ఒత్తిడితో చిన్న గుళికలుగా చేసినవి పెల్లెట్లు. తేమ 10 శాతం లోపే. మోటారు వాటిని కొద్దికొద్దిగా మంటలోకి నెడుతుంది, ఫ్యాన్ గాలి ఊదుతుంది, థర్మోస్టాట్ చెప్పినంతే కాలుతుంది. మనిషి పొరపాటుకి చోటు తక్కువ కాబట్టి రోజువారీ వాడకంలో పొగ నిలకడగా తక్కువ. కట్టెలు చీల్చే ఓపిక, పేర్చే చోటు లేనివాళ్లకి ఇదే సరైనది. అయితే కరెంటు పోతే ఆగిపోతుంది, ఫ్యాన్ చప్పుడు ఉంటుంది, సొంత చెట్టు ఎన్ని ఉన్నా ఇంధనం సంచుల్లో కొనాల్సిందే. తుఫాను రోజుల్లో ఆదుకుంటుందని స్టవ్ కొనేవాళ్లు ఈ మొదటి లోపాన్ని గట్టిగా ఆలోచించుకోవాలి.

ఇటుకతోనో సోప్‌స్టోన్ అనే రాయితోనో కట్టే భారీ పొయ్యిలు ఫిన్లండ్, రష్యా, జర్మనీ, ఆస్ట్రియాల్లో తరాలుగా ఉన్నాయి. నాకు వీటి తర్కం చాలా ఇష్టం. మంటను అదుపు చేయాలని చూడరు. గంట, రెండు గంటలు పూర్తి గాలితో ఉధృతంగా మండిస్తారు. ఆ వేడి గొట్టంలోకి పోయేలోపు మెలికలు తిరిగిన దారుల్లో టన్నుల కొద్దీ ఇటుకకి అందుతుంది. తర్వాత 12 నుంచి 24 గంటల పాటు ఆ గోడ మెల్లగా వెచ్చదనం వదులుతుంది. మంటను ఎప్పుడూ బిగించనే బిగించరు కాబట్టి పొగ సమస్య మొదలే అవదు. లోపాలూ ఆ బరువులోనే ఉన్నాయి. కింద పునాది కావాలి, అనుభవమున్న మేస్త్రీ కావాలి, చల్లబడ్డ ఇంటిని ఇప్పటికిప్పుడు వెచ్చబెట్టలేదు. వారాంతాల్లో మాత్రమే వెళ్లే ఇంటికి పనికిరాదు. కొత్త ఇల్లు కట్టుకుంటూ, రోజూ అందులోనే ఉండేవాళ్లకైతే నా ఓటు దీనికే.

ఏది ఎంచుకున్నా చిమ్నీ ఇంటి లోపల నుంచి వెళ్తే మంచిది. బయటి గోడ వెంట వెళ్లే గొట్టం చల్లగా ఉండి పొగని సరిగ్గా లాగదు, మసి ఎక్కువ పడుతుంది. ఏడాదికోసారి తనిఖీ చేయించాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి, ఆ విషవాయువుకి వాసన ఉండదు, మనకి తెలియదు. తీసిన బూడిదని మూతున్న ఇనుప డబ్బాలో వేసి ఇంటికి దూరంగా పెట్టాలి. అందులో నిప్పు కణికెలు రోజుల తరబడి బతికే ఉంటాయి.

శుభ్రత విషయంలో ఒక నిజం చెప్పకుండా ఉండలేను. ఎంత మంచి కట్టెల స్టవ్ అయినా నుసి విషయంలో హీట్ పంప్‌కి సరితూగదు. కరెంటుతో బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే యంత్రం అది, ఇంటి గొట్టంలోంచి ఏమీ రాదు. కొండల మధ్య లోయల్లో చలికాలం చల్లటి గాలి కింద, వెచ్చటి గాలి పైన మూతలా నిలిచిపోయి పొగ ఎటూ పోదు. అమెరికాలో మోంటానా రాష్ట్రపు లిబ్బీ పట్టణం అలాంటిదే. 2005 నుంచి 2007 మధ్య అక్కడ వెయ్యికి పైగా పాత స్టవ్‌లు మార్చారు, చలికాలపు సన్నటి నుసి పావు వంతుకు పైగా తగ్గింది. పాత స్టవ్ మార్చితే ఊరంతటికీ మేలని అది చూపించింది. తగ్గిందే కానీ పూర్తిగా పోలేదు. అలాంటి చోట ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటే రోజువారీ వేడికి హీట్ పంప్ పెట్టుకుని, కరెంటు పోయిన రోజులకీ గడ్డకట్టే చలి రాత్రులకీ చిన్న నాన్-క్యాటలిటిక్ స్టవ్‌నీ, రెండేళ్లు ఎండిన కట్టెల్నీ సిద్ధంగా ఉంచుకోమంటాను. వెలిగించిన అరగంటకి బయటికి వెళ్లి చిమ్నీ పైకి చూడండి. వేడిగాలి కదలాడటం తప్ప పొగ కనిపించకూడదు. కనిపిస్తే గాలి పెంచండి. అప్పటికీ తగ్గకపోతే తర్వాతి కట్టెని చీల్చి మీటర్ పెట్టి చూడండి.