ప్లాస్టిక్ థ్రెడ్‌లకు స్టీలు గో–నోగో గేజ్ ఎంతవరకు సరిపోతుంది?

ప్లాస్టిక్ పార్ట్‌లు అచ్చుపోసే మోల్డింగ్ షాపులో లోపలి థ్రెడ్ (రంధ్రంలోని మర) సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ముందు చేతికొచ్చేది రెండు కొనలున్న ప్లగ్ గేజ్. ఒక కొన గో, అది థ్రెడ్‌లోకి పూర్తిగా ఎక్కాలి; రెండోది నోగో, అది ఎక్కకుండా ఆగాలి. ఇక్కడ చెబుతున్నది ఎం10×1.5, 6హెచ్ సైజు గురించి, అంటే 10 మి.మీ. థ్రెడ్, పిచ్ 1.5 మి.మీ., 6హెచ్ అనేది టాలరెన్స్ (అనుమతించే తేడా) తరగతి. లోహపు నట్లను దృష్టిలో పెట్టుకుని చేసిన సాధనం ఇది. ప్లాస్టిక్ మీద గో కొన బాగా పనిచేస్తుంది. నోగో కొన మాటను మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకూడదు.

గో కొన పొడవుగా, పూర్తి ప్రొఫైల్‌తో ఉంటుంది కాబట్టి డయామీటర్, పిచ్ (పక్కపక్క చుట్ల మధ్య దూరం), కోణం అన్నీ కలిపి ఒకేసారి పరీక్షిస్తుంది. ప్లాస్టిక్‌కు కావలసింది సరిగ్గా ఇదే, ఎందుకంటే ఇక్కడ ఎక్కువగా దెబ్బతీసేది పిచ్. మోల్డ్ చేసేటప్పుడు శ్రింకేజ్ (చల్లారేటప్పుడు కుంచించుకోవడం) 1.5 శాతం అనుకుని కోర్ (లోపలి థ్రెడ్‌ను తీర్చే మోల్డ్ భాగం) మీద పిచ్ 1.523 మి.మీ. పెట్టారనుకుందాం. మెటీరియల్ నిజంగా 2 శాతం కుంచించుకుంటే 10 మి.మీ. పొడవులో దాదాపు 0.05 మి.మీ. తేడా పోగవుతుంది. 60 డిగ్రీల థ్రెడ్‌లో పిచ్ తేడా పిచ్ డయామీటర్ (గట్టు, గాడి సమాన వెడల్పులో ఉండే చోటి వ్యాసం) మీద 1.732 రెట్లుగా పడుతుంది, అంటే 0.087 మి.మీ. ఈ సైజుకు పిచ్ డయామీటర్ హద్దులు 9.026 నుంచి 9.206, మొత్తం టాలరెన్స్ 0.180. అందులో దాదాపు సగం పిచ్ ఒక్కటే మింగేస్తుంది.

గో ఎక్కడ బిగుస్తుందో గమనిస్తే కారణం కూడా దొరుకుతుంది. మొదటి చుట్టులోనే ఆగితే అంచున ఫ్లాష్ (మోల్డ్ సందులోంచి బయటికొచ్చిన పలచటి ప్లాస్టిక్) ఉందేమో చూడాలి, లేదా డయామీటరే చిన్నదై ఉంటుంది. మూడు నాలుగు చుట్లు హాయిగా తిరిగి, ఆ తర్వాత క్రమంగా బిగుసుకుంటే పిచ్ తేడా. అప్పుడు కోర్ డయామీటర్ పెంచితే జబ్బు ఒకటి, మందు ఇంకొకటి అవుతుంది.

ఇక నోగో. దీని థ్రెడ్‌లు కొన్నే, శిఖరాలు కత్తిరించి ఉంటాయి, పిచ్ డయామీటర్ ఒక్కటే చూస్తుంది. థ్రెడ్ గేజ్‌ల ప్రమాణం ఐఎస్ఓ 1502 ప్రకారం రెండు చుట్లకు మించి ఎక్కకూడదు. లోహంలో ఈ నియమానికి ఇబ్బంది లేదు. పాలీప్రొపిలీన్ వంటి మెత్తటి దానిలో వేళ్లతో కాస్త గట్టిగా తిప్పితే గోడ సాగి నోగో మూడో చుట్టు కూడా ఎక్కేస్తుంది, మంచి పార్ట్ రిజెక్ట్ పెట్టెలో పడుతుంది. అదే బలం గో మీద పెడితే చెడ్డ పార్ట్ పాసవుతుంది. కాబట్టి బలం తనిఖీ చేసేవాళ్ల చేతికి వదిలేయకూడదు. టార్క్ లిమిట్ ఉన్న హ్యాండిల్ తీసుకుని, ఆ విలువను కొనేవాళ్లతో కలిసి తేల్చి డ్రాయింగ్ మీద రాయించాలి. గేజ్‌తో పాటు ఈ హ్యాండిల్ ఇవ్వకపోవడం పెద్ద లోటు.

ఓవాలిటీ ఉంటే, అంటే రంధ్రం గుండ్రంగా కాక కోలగా ఉంటే, నోగో ఇంకోలా మోసం చేస్తుంది. రంధ్రం ఒక దిశలో వదులుగా ఉన్నా, రెండో దిశలో ఇరుకుగా ఉంటే నోగో ఆగిపోతుంది, పార్ట్ బాగున్నట్టు కనిపిస్తుంది. గోడ మందం ఒకేలా లేని పార్ట్‌లలో ఇది మామూలే.

ఈ రెండు కొనలకూ చిక్కని లోపం ఒకటుంది: షార్ట్ షాట్. కోర్ మీది గాడిలో గాలి ఇరుక్కుంటే థ్రెడ్ శిఖరం నిండదు. గో దానిలో ఇంకా సులువుగా తిరుగుతుంది, నోగో పక్క గోడల మీదే ఆగుతుంది. దీన్ని పట్టడానికి మైనర్ డయామీటర్ (లోపలి థ్రెడ్ శిఖరాల మధ్య వ్యాసం) కోసం థ్రెడ్ లేని సాదా పిన్ గేజ్ కావాలి. హద్దులు 8.376, 8.676. థ్రెడ్ గేజ్ కొని పిన్ వదిలేస్తే సగం తనిఖీయే జరిగినట్టు.

బయటి థ్రెడ్‌కు వాడే రింగ్ గేజ్ కథ వేరు. రెండు ముక్కల మోల్డ్‌లో పార్టింగ్ లైన్ (ఆ ముక్కలు కలిసే గీత) దగ్గర కాస్త ఫ్లాష్ వచ్చినా గో రింగ్ ఎక్కదు. థ్రెడ్ మీద మార్కర్ ఇంకు పలచగా పూసి రింగ్ తిప్పితే, ఎదురెదురుగా రెండు గీతల్లోనే ఇంకు పోయిందా, చుట్టూ పోయిందా తెలుస్తుంది. రెండు గీతలైతే తప్పు థ్రెడ్ సైజుది కాదు, మోల్డ్ మూతపడే తీరుది. పార్టింగ్ లైన్ దగ్గర థ్రెడ్‌ను కొద్దిగా చదును చేసి మోల్డ్ గీస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు. బయటి థ్రెడ్ ఆకారం చూడటానికి పార్ట్ నీడను పెద్దది చేసి తెర మీద చూపే ప్రొఫైల్ ప్రొజెక్టర్ ఇంకా మెరుగు, పార్ట్‌ను ముట్టుకోదు కూడా. లోపలి థ్రెడ్‌కు మాత్రం పార్ట్ కోయాలి, లేదా సిలికోన్‌తో అచ్చు తీసి దాన్ని చూడాలి.

మెషిన్ నుంచి వేడిగా వచ్చిన పార్ట్‌లో గేజ్ పెట్టడం వృథా. 23 డిగ్రీలు, 50 శాతం తేమలో 16 నుంచి 24 గంటలు ఉంచాకే కొలవాలి. పాలీప్రొపిలీన్, అసిటాల్ మోల్డ్ దాటాక కూడా కుంచించుకుంటాయి, నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది. గేజ్ మీది తుప్పు నిరోధక నూనెను పూర్తిగా తుడవాలి, కొన్ని నూనెలు తగిలితే పాలీకార్బోనేట్‌కు సన్నటి పగుళ్లు వస్తాయి.

నైలాన్‌లో గ్లాస్ ఫైబర్ ఉంటే గో కొన త్వరగా అరుగుతుంది. అరిగిన గో ఇరుకు పార్ట్‌ను కూడా పాస్ చేస్తుంది. అలాంటి మెటీరియల్ నడిపేవాళ్లు కార్బైడ్ గేజ్ తీసుకోవడం మేలు, లేదంటే స్టీలు గేజ్‌ను మామూలు కంటే తరచుగా క్యాలిబ్రేషన్‌కు పంపాలి.