మెల్‌బోర్న్ నియోజకవర్గ చరిత్ర నడక: ఒక సమీక్ష

ఆస్ట్రేలియా సమాఖ్య పార్లమెంటుకు 1901లో జరిగిన తొలి ఎన్నికల నుంచీ అదే పేరుతో కొనసాగుతున్న నియోజకవర్గాల్లో మెల్‌బోర్న్ ఒకటి. నగర నడిబొడ్డున ఉన్న ఈ స్థానం చరిత్రను కాలినడకన చెప్పే రెండున్నర గంటల పర్యటనకు నేనూ నా భార్యా గత నెలలో వెళ్లాం. రుసుము మనిషికి 30 డాలర్లు.

కార్ల్‌టన్‌లోని ట్రేడ్స్ హాల్ దగ్గర మొదలయ్యే నడక, తొలి పార్లమెంటు 1901 మే 9న ప్రారంభమైన ఎగ్జిబిషన్ భవనం మీదుగా సాగి, 1927 దాకా ఆ పార్లమెంటు కొలువుదీరిన స్ప్రింగ్ స్ట్రీట్ భవనం మెట్ల దగ్గర ముగుస్తుంది. కార్మిక సంఘాల భవనం నుంచి మొదలుపెట్టడం సరైన ఎంపిక, ఎందుకంటే ఈ స్థానం 106 ఏళ్లపాటు లేబర్ పార్టీ చేతిలోనే ఎందుకు ఉండిపోయిందో ఆ గోడల ముందు నిలబడి వింటేనే బాగా అర్థమవుతుంది. తొలి సభ్యుడు మాత్రం ఓడల వ్యాపారి, నగర మాజీ మేయర్ అయిన సర్ మాల్కమ్ మెకాకర్న్. 1903లో ఆయన డాక్టర్ విలియం మలోనీపై స్వల్ప తేడాతో గెలిచినా, పోస్టల్ ఓట్లలోని లోపాల వల్ల ఆ ఎన్నిక రద్దయింది. 1904 ఉప ఎన్నికలో గెలిచిన మలోనీ 1940 దాకా, ఆయన తరువాత ఆర్థర్ కాల్వెల్ 1972 దాకా, అంటే మొత్తం 68 ఏళ్లు ఇద్దరే ఈ స్థానానికి ప్రాతినిధ్యం వహించారు.

నాకు అసంతృప్తి మిగిల్చింది కాల్వెల్ ఘట్టమే. యుద్ధానంతరం ఐరోపా నుంచి లక్షలమంది వలసకు తలుపులు తెరిచిన తొలి వలస శాఖ మంత్రిగా ఆయనను మార్గదర్శకురాలు ఎంతో ఆదరంగా పరిచయం చేశారు గానీ, ఆసియా వాసులను దూరంగా ఉంచిన శ్వేత ఆస్ట్రేలియా విధానాన్ని ఆయన చివరిదాకా సమర్థించిన సంగతిని రెండు మాటల్లో దాటేశారు. ఆ విధానానికి పునాది వేసిన 1901 నాటి చట్టం చర్చకు వచ్చింది స్ప్రింగ్ స్ట్రీట్ భవనంలోనే; దాని చివరి ఆనవాళ్లను 1973లో తొలగించిన తరువాతే మనవంటివారు ఇక్కడికి నిరాటంకంగా రాగలిగారు. ఆ మెట్ల మీద నిలబడి ఈ మాట వినాలని నేను ఆశించాను.

అయితే చివరి అరగంట కోసం ఈ పర్యటనకు మళ్లీ వెళ్లమన్నా వెళ్తాను. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగే ఇక్కడా ప్రాధాన్య క్రమంలో అంకెలు వేయాలి; చివరి స్థానంలో ఉన్నవారిని తొలగిస్తూ వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. మార్గదర్శకురాలు రంగు కాగితాలు మా చేతికిచ్చి రెండు ఎన్నికలను మా చేతనే లెక్కపెట్టించారు. 2010లో మొదటి ప్రాధాన్య ఓట్లలో లేబర్ ముందున్నా, లిబరల్ ఓట్ల బదిలీతో గ్రీన్స్ అభ్యర్థి ఆడమ్ బ్యాండ్ట్ గెలిచారు. 2025లో, అప్పటికి పార్టీ అధినేతగా ఉన్న బ్యాండ్ట్ మొదటి ప్రాధాన్యంలో ముందుండి కూడా, లిబరల్ ఓట్లు ఈసారి లేబర్ వైపు మళ్లడంతో సారా విట్టీ చేతిలో ఓడిపోయారు. ఆ మధ్యలో జరిగిన పునర్విభజన నియోజకవర్గాన్ని యారా నది దాటించి సౌత్ యారా దాకా తీసుకెళ్లిందని పాత, కొత్త పటాలను పక్కపక్కనే పెట్టి చూపడం ఎంతో ఉపయోగపడింది.

ట్రామ్‌ల రొద వల్ల విక్టోరియా స్ట్రీట్ మలుపులో కొన్ని మాటలు వినబడలేదు కాబట్టి ముందు వరసలో నడవండి. పన్నెండేళ్లు దాటిన పిల్లలనైతే తప్పక తీసుకెళ్లవచ్చు. ఆ రంగు కాగితాల లెక్క వారికి పెద్దలకంటే త్వరగా పట్టుబడుతుంది.