ఆర్స్ మాజికా: నాలుగేళ్లు ఆడాక

ఆర్స్ మాజికా అంటే బల్ల చుట్టూ కూర్చుని తలో పాత్ర ఆడే ఆట (రోల్-ప్లేయింగ్ గేమ్), మధ్యయుగపు యూరప్‌లో మంత్రవేత్తల కథ. అయిదుగురం కలిసి దాని ఐదో ఎడిషన్ పుస్తకంతో నాలుగేళ్లుగా ఒకే కథ ఆడుతున్నాం. కథలో 1220లో దక్షిణ ఫ్రాన్సులో మొదలెట్టాం, ఇప్పుడు 1227కి చేరాం.

చరిత్రలోకి మంత్రాలు తెచ్చే ఆటల్లో నాకెప్పుడూ ఒకటే చిక్కు. నిప్పులవాన కురిపించేవాడు ఉన్నాక కోటగోడలెందుకు, అసలు రాజెందుకు? ఈ ఆట ఆ ప్రశ్నకు జవాబును నియమాల్లోనే పెట్టింది. మంత్రవేత్తకు పుట్టుకతో వచ్చిన గిఫ్టే ఎదుటివాళ్లలో అనుమానం రేపుతుంది, జంతువులు కూడా బెదురుతాయి. చర్చి నీడ పడ్డచోట మంత్రం నీరుగారిపోతుంది: ఆ చోటి పవిత్రతకు ఆట ఇచ్చే అంకె, దైవప్రభావం, 3 అయితే మంత్రం వేసేటప్పుడు మనకొచ్చే మొత్తంలోంచి 9 కోత! వీటికి తోడు, ప్రభువుల జోలికెళ్లి తోటివాళ్ల మీదికి ముప్పు తేవద్దని మంత్రవేత్తల సంఘం కట్టడి.

ఇదంతా 1226లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడు ఫ్రాన్సు రాజు ఎనిమిదో లూయీ అవిన్యోన్‌ను మూడు నెలలు ముట్టడించి గెలిచాడు, నవంబరులో విరేచనాలతో పోయాడు. మాలో ఒకామె అతన్ని బతికించి తీరతానని పట్టుబట్టింది. క్రియో కార్పస్‌లో, అంటే ఒంటిని బాగుచేసే మంత్రవిద్యలో, ఆమె ఆడే మంత్రవేత్త దిట్ట. మూడు సెషన్లు దీనికే పోయాయి. గుడారం చుట్టూ పాదిరీలు, ప్రార్థనలు. ఆమె మొహం చూడగానే రాజవైద్యులకు గిట్టలేదు. ఎలాగో లోపలికి వెళ్లినా, మంత్రవైద్యం శాశ్వతంగా నిలవాలంటే విస్, అంటే కూడబెట్టుకున్న మంత్రశక్తి, ఖర్చుపెట్టాలి, మా దగ్గరున్నది చాలలేదు. రాజు పోయాడు, పన్నెండేళ్ల కొడుకు గద్దెనెక్కాడు. చరిత్రను కాపాడాలని మా స్టోరీగైడ్, అంటే కథ నడిపించేవాళ్లు, ఒక్క మాట అడ్డు చెప్పలేదు. విస్ ఇంకాస్త ఉంటే అతను బతికేవాడేమో, అప్పుడు మా ఫ్రాన్సు వేరేగా ఉండేది.

విసుగు తెప్పించేది లెక్కలు. ప్రతి మంత్రమూ ఒక క్రియ (క్రియో లాంటిది), ఒక రూపం (కార్పస్ లాంటిది) కలిసిన జోడీ: అయిదు క్రియలు, పది రూపాలు, అంటే యాభై జోడీలు. అప్పటికప్పుడు మంత్రం కట్టాలంటే కూడికలయ్యేదాకా బల్లంతా నిశ్శబ్దం. ఏడాదికి నాలుగు రుతువులు, ప్రతి రుతువుకీ చదువో ప్రయోగశాల పనో రాసుకోవాలి. ఒక మంత్రదండం తయారీ లెక్కకే ఒకసారి సాయంత్రమంతా పోయింది. ఇప్పుడు ఆ పద్దులన్నీ ఎవరింట్లో వాళ్లు తేల్చుకుని వస్తున్నాం.

కొత్తవాళ్లకు మొదటిరోజే మంత్రవేత్తను ఇవ్వకండి. గ్రాగ్, అంటే మంత్రవేత్తల కొలువులోని బంటు, ఆడించండి. నేనే ఇప్పుడు ఎక్కువగా మా గుర్రాలు కాసేవాణ్ని ఆడుతున్నాను. నా మంత్రవేత్తను ఏ గుర్రమూ దగ్గరికి రానివ్వదు, కళ్లెం పట్టుకోవడానికి వాడుండాల్సిందే.