పాదరసం కథలో నాచా, బ్యాక్టీరియానా?

ఫిషింగ్ హార్బర్‌లో వంజరం బేరమాడుతూ పాదరసం గురించి ఆలోచించేది నేనొక్కణ్నేనేమో!

చేపల్లోకి విషపు పాదరసం చేరడంలో తప్పెవరిదంటే నా ఓటు బ్యాక్టీరియాకే. ఆక్సిజన్ అందని అడుగు బురదలో కొన్ని రకాలు మామూలు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మార్చేస్తాయి. జపాన్‌లో 1956లో బయటపడ్డ మినమాటా అనే నరాల జబ్బుకు కారణం ఈ విషమే. అక్కడ మాత్రం ఫ్యాక్టరీయే నేరుగా వదిలింది. అలాగని బ్యాక్టీరియా అన్నీ విలన్లు కావు, ఇంకొన్ని మిథైల్ పాదరసాన్ని విడగొట్టి పాదరసాన్ని ఆవిరిగా పంపేస్తాయి.

నాచు ఈ విషాన్ని పెద్దగా తయారుచేయదు, పోగేస్తుంది. కంటికి కనిపించని కణంలో చుట్టూ ఉన్న నీటికంటే వేల రెట్లు చేరుతుంది. నాచును తినే కవళ్లు అనే చిన్న చేపల్లో కొంచెం ఎక్కువ, కవళ్లను తినే వంజరంలో ఇంకా ఎక్కువ. నాచు విపరీతంగా పెరిగితే ఒక్కో కణం వాటా తగ్గుతుంది. చచ్చి అడుక్కి చేరితే మళ్లీ ఆ బ్యాక్టీరియాకే మేత.

చివరికి కవళ్లే తెచ్చాను. ముళ్లు తీయలేక ఇంట్లో ఒకటే సణుగుడు.