ఐదేళ్లు వాడిన బ్రాండు వదిలి మరో బ్రాండుకు: ఇరవై ఆరు నెలల తర్వాత ఒక లేసు వ్యాపారి సమీక్ష

నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లే ఆడవాళ్ల దగ్గర సరుకు సేకరించి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో కొనుగోలుదారులకు పంపి, ఆర్డర్లు తీసుకోవడం నా వ్యాపారం. రోజుకు నలభై, యాభై ఫొటోలు తీస్తాను. రెండు సిమ్ములు వాడతాను. శనివారం శనివారం అల్లిక కూలి యూపీఐలో పంపుతాను. లెక్కలూ నమూనాల వివరాలూ ఫోన్‌లోనే తెలుగులో రాసుకుంటాను. 2018 నుంచి ఒకే బ్రాండువి రెండు ఫోన్లు వాడి, 2023 అక్టోబరులో, దసరాకు ముందు, మరో బ్రాండుకు మారాను. రెండూ ఆండ్రాయిడ్ ఫోన్లే. ఫోన్ మంచిచెడ్డలు రెండు వేసవులూ రెండు వర్షాకాలాలూ గడిస్తే గాని తెలియవు కాబట్టి ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను. బ్రాండ్ల పేర్లు మాత్రం చెప్పడం లేదు. నా చేతికి వచ్చిన ఒక్క సెట్టులోని లోపాన్ని, ఒక్క సర్వీస్ సెంటర్ తీరును కంపెనీ మొత్తానికి అంటగట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

పాత బ్రాండు మీద నాకు కోపమేమీ లేదు. మొదటి ఫోన్ మూడేళ్లు నిక్షేపంగా పనిచేసింది కాబట్టే రెండోదీ అదే బ్రాండులో కొన్నాను. ఆ రెండో ఫోన్‌లో 2023 ఆగస్టులో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేసుకున్న మర్నాడు పొద్దున, తెర మీద పైనుంచి కిందిదాకా వెంట్రుక మందాన ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. రెండు వారాల్లో దాని పక్కనే ఇంకొకటి వచ్చింది. అమోలెడ్ తెరలున్న ఫోన్లలో ఇలాంటి గీతలు రావడం మన దేశంలో చాలామందికి అనుభవమేనని తర్వాత తెలిసింది. సర్వీస్ సెంటర్‌లో వారంటీ దాటిపోయిందని, తెర మొత్తం మార్చాలని చెప్పి, ఫోన్ కొన్న ధరలో దాదాపు సగం అడిగారు. వేరొకరికైతే ఒక గీతతో సర్దుకుపోవడం కష్టం కాకపోవచ్చు గాని, అల్లికలో దారం ఎక్కడ తెగిందో తెర మీదే చూసుకోవలసిన నాకు ఆ గీత కంట్లో నలుసులా తయారైంది.

అయితే బ్రాండు మారడానికి అసలు కారణం గీత కాదు, రంగు. లేసులో తెలుపు వేరు, క్రీమ్ రంగు వేరు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చాక కొత్త కొనుగోలుదారులు పెరిగారు. వాళ్లలో చాలామంది సరుకును చేత్తో పట్టి చూడకుండా ఫొటో చూసే ఆర్డరు ఇస్తారు. గుర్తింపు రాకముందు కూడా నా పరిస్థితి ఇదే. 2023 వేసవిలో రాజమండ్రి నుంచి ఒకరు పెళ్లి కోసం తెల్లటి టేబుల్ క్లాత్‌లు ఆరు కావాలన్నారు. నా దగ్గరున్న ఒక క్రీమ్ రంగు నమూనాను, డిజైన్ చూస్తారని ఫొటో తీసి పంపాను. నా పాత ఫోన్ ఆ క్రీమ్ రంగును పాలలా తెల్లగా, కొంచెం నీలం జీరతో చూపించింది. ఆయన ‘ఇదే రంగు, ఇదే డిజైన్’ అన్నారు, నేను నా దగ్గరున్న నమూనా రంగులోనే అల్లించాను, సరుకు వెళ్లాక తిరిగి వచ్చింది. ఆరు క్లాత్‌లు, నలుగురు ఆడవాళ్ల రెండు నెలల కష్టం. కూలి నేను ఎలాగూ ఇచ్చాను గాని, ఆ సరుకు అమ్ముడుపోవడానికి ఏడాది పట్టింది.

అందుకే కొత్త ఫోన్ వచ్చిన రోజు పొద్దున ఎనిమిదింటికి, అరుగు మీద నీడపట్టున ముదురు నీలం గుడ్డ పరిచి, దాని మీద అదే క్రీమ్ రంగు ముక్కను పెట్టి, రెండు ఫోన్లతోనూ ఫొటోలు తీసి చూశాను. తేడా అక్కడికక్కడే కనిపించింది. పాత ఫోన్ ఫొటో తీసిన వెంటనే దానికి మెరుగులు దిద్దుతుంది: అంచులకు పదును పెడుతుంది, తెలుపును ఇంకా తెల్లగా చేస్తుంది. దానివల్ల పువ్వు రేకుల్లో పక్కపక్కనే నడిచే రెండు దారాలు కలిసిపోయి ఒకటే లావుపాటి దారంలా కనిపించేవి. కొత్త ఫోన్‌లో దారం పురి కూడా కనిపించింది, రంగు కూడా ఉన్నది ఉన్నట్టు వచ్చింది. మొదట్లో దీనిలోనూ దృశ్యాన్ని గుర్తుపట్టి రంగులు పెంచే సదుపాయం తెరిచే ఉండేది. దాన్ని సెట్టింగ్స్‌లో ఆపివేసిన తర్వాతే నాకు నమ్మకం కుదిరింది. సరుకు అమ్ముకొనేవారు ఏ ఫోన్ కొన్నా మొట్టమొదట చేయవలసిన పని ఇదే.

దీనిలోనూ చిక్కులు లేకపోలేదు. ముక్కకు జానెడు కంటే దగ్గరగా వెళితే ఫోన్ తనంతట తానే ప్రధాన కెమెరాను వదిలి వెడల్పు కెమెరాకు మారిపోతుంది. ఆ కెమెరా సెన్సరు చిన్నది కావడంతో వెలుతురు చాలక ఫొటో మసకబారుతుంది. అందుకని రెండడుగులు వెనక్కి జరిగి, రెండింతల జూమ్‌లో తీయడం అలవాటు చేసుకున్నాను. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీస్తే క్రీమ్ రంగు పసుపు పచ్చగా వస్తుంది. పక్కన ఒక తెల్ల కాగితం కూడా ఫొటోలో పడేలా పెడితే కొనేవారికి అసలు రంగు అంచనా దొరుకుతుంది. ఎంత మంచి ఫొటో తీసినా వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది కాబట్టి, 2023 ఆగస్టులో వచ్చిన హెచ్‌డీ సదుపాయాన్ని గాని, లేదా ఫొటోను డాక్యుమెంట్‌గా పంపే పద్ధతిని గాని వాడుతున్నాను. ఈ ఇరవై ఆరు నెలల్లో రంగు తేడా వల్ల ఒక్క ముక్క కూడా తిరిగి రాలేదు. ఫోన్ ధర నాకు ఆ విధంగానే గిట్టింది.

ఇక మారే పని గురించి. ఒక ఆండ్రాయిడ్ నుంచి ఇంకో ఆండ్రాయిడ్‌కే కదా, ఏముంది అని దుకాణంలో అన్నారు. ఫొటోలూ కాంటాక్టులూ తేలిగ్గానే వచ్చాయి. వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చాట్లన్నీ ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు నేరుగా మార్చుకొనే పద్ధతి అప్పటికి కొత్తగా వచ్చింది. పదకొండు జీబీల చాట్లు గంటన్నరలో వచ్చేశాయి. రానివి ఏవంటే, పాత బ్రాండు సొంత యాప్‌లలో ఉన్నవి. దాని నోట్స్ యాప్‌లో మూడు వందలకు పైగా నమూనాల వివరాలు రాసుకున్నాను: ఏ పువ్వుకు ఎన్ని గొలుసులు, ఏ దారం, ఎవరి చేతి పని, ఎంత కూలి. అవి ఆ బ్రాండు ఖాతాలోనే ఉండిపోయాయి తప్ప బయటికి రాలేదు. మా అబ్బాయి నాలుగు రాత్రులు కూర్చొని ఒక్కొక్కటిగా కాపీ చేసి పంపాడు. అప్పటినుంచి వ్యాపారానికి సంబంధించిన ఏ సమాచారాన్నీ ఫోన్ కంపెనీ సొంత యాప్‌లో రాయడం మానేశాను.

రెండో ఇబ్బంది డబ్బుది. యూపీఐ యాప్‌లు సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి ఆ ఫోన్‌ను ఖాతాకు ముడివేస్తాయి కాబట్టి, ఫోన్ మారినప్పుడల్లా మళ్లీ నమోదు చేసుకోవాలి. ఈ సంగతి తెలిసీ నేను శుక్రవారం సాయంత్రం మార్చాను. కొత్త ఫోన్‌లో నమోదు చేసుకున్న మొదటి 24 గంటలు 5,000 రూపాయలకు మించి పంపడానికి వీలు కాలేదు. శనివారం పదిహేడు మందికి కూలి ఇవ్వాలి. నలుగురికి పంపగలిగాను, మిగిలినవారికి ఇంట్లో ఉన్న నగదు సర్ది, చాలనిది ఆదివారం పంపాను. పండుగ ముందు రోజుల్లో వాళ్లను అలా ఆపవలసి వచ్చినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఫోన్ మార్చేవారు చెల్లింపులు లేని రోజు చూసుకొని మార్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

మూడోది కాల్ రికార్డింగ్. ఫోన్‌లో చెప్పిన కొలతలు మరిచిపోకుండా పాత ఫోన్‌లో రికార్డు చేసుకొనేదాన్ని. అది చప్పుడు లేకుండా జరిగిపోయేది. కొత్త ఫోన్‌లో రికార్డింగ్ మొదలుపెడితే ఇద్దరికీ వినిపించేలా ఒక గొంతు ఇంగ్లీషులో ప్రకటిస్తుంది. మొగల్తూరు వైపు ఉండే ఒక పెద్దావిడ, నలభై ఏళ్లుగా లేసు అల్లుతున్న మనిషి, మొదటిసారి అది విని, “ఏవమ్మా, మధ్యలో ఆవిడెవరు? మన మాటలు ఎవరైనా వింటున్నారా?” అని కంగారుపడి ఫోన్ పెట్టేసింది. ఆలోచిస్తే ఆ ప్రకటన ఉండడమే సబబు, నేను ఇన్నాళ్లూ వాళ్లకు చెప్పకుండా రికార్డు చేయడమే తప్పు. ఇప్పుడు కొలతలు చెప్పించుకొని, వాళ్ల చేతనే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టిస్తున్నాను.

తెలుగు అక్షరాల విషయంలో కొత్త ఫోన్ నన్ను చాలాకాలం విసిగించింది. చూపు కోసం అక్షరాల సైజు పెంచితే నోటిఫికేషన్లలో ఒత్తుల కింది భాగం తెగిపోయేది. ‘లక్ష్మి’ అనే పేరులో మకారపు ఒత్తు సగం కనిపించేది. మా లేసువాళ్లలో లక్ష్ములు ఐదుగురు ఉన్నారు కాబట్టి రోజూ చూస్తూనే ఉండేదాన్ని. పదకొండు నెలల తర్వాత వచ్చిన పెద్ద అప్‌డేట్‌తో అది సరైంది. కీబోర్డు రెండు ఫోన్లలోనూ జీబోర్డే కావడంతో టైపింగ్‌లో తేడా ఏమీ రాలేదు.

అప్‌డేట్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: నాది నాలుగేళ్ల ఆండ్రాయిడ్ అప్‌డేట్లు, ఐదేళ్ల భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్న ఫోన్. మొదటి ఏడాది నెలనెలా వచ్చేవి, ఇప్పుడు రెండు మూడు నెలలకొకసారి వస్తున్నాయి. 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కూ, 2024 జనవరిలో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కూ ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించారు. ఒకే ఫోన్‌ను ఎక్కువ కాలం వాడదలచుకున్నవారు ధర పక్కనే ఈ సంఖ్యను కూడా చూడాలి.

మా ప్రాంతపు వాతావరణం సంగతి. సఖినేటిపల్లి వైపు వెళ్లాలంటే పంటు మీద వశిష్ఠ గోదావరి దాటాలి. చేతిలో ఫోన్ ఉంటే జల్లు పడుతుంది. ఫోన్‌కు నీళ్లనూ దుమ్మునూ తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తింపు ఉంది గాని, ఆ పరీక్ష మంచినీళ్లలో చేసేదే. మా దగ్గర సముద్రపు పోటు నదిలోకి ఎగదన్నుతుంది, నీళ్లు ఉప్పగా ఉంటాయి. పాత ఫోన్ ఛార్జింగ్ పిన్ను ఉప్పు గాలికి పచ్చగా చిలుమెక్కింది. కొత్త ఫోన్ తడి తగిలితే ‘పోర్టులో తేమ ఉంది’ అని హెచ్చరించి ఛార్జింగ్ ఆపేస్తుంది, ఆరేదాకా ఎక్కించుకోదు. వర్షాకాలంలో ఇది విసుగే, కాని పిన్ను ఇప్పటికీ శుభ్రంగా ఉంది. మే నెలలో బయట ఫొటోలు తీస్తుంటే పది నిమిషాలకే వేడెక్కి తెర వెలుతురు తగ్గిపోతుంది, పాతదీ అంతే. బ్యాటరీ మొదట్లో రాత్రిదాకా వచ్చేది, ఇప్పుడు సాయంత్రం ఐదింటికి ఛార్జింగ్ అడుగుతోంది.

నేను కొనేముందు చూసుకోనిది సర్వీస్ సెంటర్. పాత బ్రాండుకు భీమవరంలోనే ఉండేది. దీనికి రాజమండ్రి వెళ్లాలి. 2025 జూన్‌లో మైకు పాడై అవతలివారికి నా మాట వినిపించకపోతే తీసుకువెళ్లాను. మూడు రోజులన్నారు, తొమ్మిది రోజులు పట్టింది, వెళ్లిరావడానికి రెండు పూటలు పోయాయి. ఆ తొమ్మిది రోజులూ ఆ రెండు గీతల పాత ఫోన్‌తోనే నెట్టుకొచ్చాను.

కిందటి నెలలో మా తోటికోడలు ఫోన్ కొనుక్కోవాలని, “అక్కా, నువ్వు వాడేదే తీసుకోనా?” అని అడిగింది. నేనేమీ చెప్పకుండా సంచిలో ఆ క్రీమ్ రంగు ముక్క పెట్టుకొని తనతో దుకాణానికి వెళ్లాను. కౌంటరు మీద ముక్క పరిచి, నాలుగు ఫోన్లతో ఫొటోలు తీసి, వాటిని గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో ముక్క పక్కన పెట్టి చూశాం. రంగు సరిగ్గా వచ్చినది నా బ్రాండు ఫోన్ కాదు, నేను వదిలేసిన పాత బ్రాండు కొత్త మోడలు. ధర కూడా నాలుగు వేలు తక్కువ. తను అదే తీసుకుంది.